ఒకే రోడ్డు, 50 కాన్వాసులు, ఒక ఐప్యాడ్

ఫైనలియర్‌లో నా రెజ్యూమెలో ఒక ప్రాజెక్ట్ ఉండేది. ఆన్‌లైన్ బస్ పాస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. పేరు వినగానే మీకు నవ్వొచ్చి ఉంటుంది. మీ క్లాసులోనూ కనీసం ముగ్గురి దగ్గర అదే ఉంటుంది కదా! గిట్‌హబ్‌లో దొరికిన కోడ్ తెచ్చా. రంగులు మార్చా, పైన కాలేజీ లోగో పెట్టా, డాక్యుమెంటేషన్ స్పైరల్ బైండింగ్ చేయించా. బయట నుంచి చూస్తే సూపర్‌గా ఉంది.

ఆఫ్ క్యాంపస్ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన రెజ్యూమె చదివి, లాప్‌టాప్‌లో స్కీమా చూపించమన్నారు. రెండు నిమిషాలు చూసి ఒకే ప్రశ్న అడిగారు. "ఈ టేబుల్‌ని రెండుగా ఎందుకు విడగొట్టారు?"

"అందరూ అలాగే చేస్తారు సార్" అన్నా.

ఆయన కోప్పడలేదు. "ఓకే, థాంక్యూ" అన్నారు. ఆ థాంక్యూకి అర్థమేంటో మీకు తెలుసు.

ఆ తర్వాత ఆరేడు నెలలు ఖాళీ. ఫ్రెండ్ రూమ్‌లో ఉంటూ గ్యాడ్జెట్ల మీద బ్లాగ్ రాసుకునేవాణ్ని. స్టైలస్‌ల గురించి ఒక పోస్టు రాద్దామని వెతుకుతుంటే ఓ డాక్యుమెంటరీ కంటపడింది. తలపై టోపీ, వేళ్ల మధ్య సిగరెట్, 70 దాటిన ఇంగ్లిష్ పెద్దాయన ఐప్యాడ్ మీద చెట్లు గీస్తున్నాడు. ఐప్యాడ్ కోసం చూడ్డం మొదలుపెట్టా, ఆయన కోసం చివరిదాకా చూశా. పేరు డేవిడ్ హాక్నీ.

ఆయన బొమ్మల్ని నేను మ్యూజియంలో చూడలేదు. పుస్తకాల్లో, స్క్రీన్ మీదే చూశా. అది ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ ఖాళీ రోజుల్లో ఆయన గురించి చదివే కొద్దీ నాకు అర్థమైన విషయం ఒకటుంది. ఈయన జీవితమంతా ఎవరో ఒకరి దగ్గర అప్పు తెచ్చుకుంటూనే ఉన్నాడు. పికాసో, వాన్ గో, మోనే, కానిస్టబుల్, చైనా చిత్రకారులు, చివరికి వెయ్యేళ్ల నాటి ఓ ఎంబ్రాయిడరీ గుడ్డ... లిస్టు పెద్దదే. అయినా ఏ బొమ్మ చూసినా ఇది హాక్నీదే అని చెప్పేయొచ్చు. నేనూ అప్పే తెచ్చా కదా, మరి నాదెందుకు దొరికిపోయింది? ఆయనదెందుకు దొరకలేదు?

డిగ్రీతో చిన్న గొడవ

హాక్నీ 1937లో ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. ఉన్ని మిల్లుల ఊరు, మధ్యతరగతి కన్నా ఓ మెట్టు కింద ఉన్న కుటుంబం, అయిదుగురు పిల్లల్లో నాలుగోవాడు. హైస్కూల్ రోజుల్లో వేసవి సెలవులకు తూర్పు యార్క్‌షైర్ పొలాల్లో కోతల పనికి వెళ్లేవాడు. సైకిల్ మీద ఆ గుట్టలన్నీ తిరిగేవాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వస్తాం.

లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతుండగా 1960లో టేట్ గ్యాలరీలో పికాసో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. హాక్నీ ఎనిమిదిసార్లు దాకా వెళ్లొచ్చాడట. అక్కడ ఆయన తెచ్చుకున్నది పికాసో మొహాలు కాదు, ముక్కులు కాదు. చిత్రకారుడు ఒకే స్టైల్‌కి కట్టుబడాల్సిన పనిలేదన్న ధైర్యం ఒకటి. ఒకే వస్తువును ఒకేసారి పక్క నుంచీ ఎదుటి నుంచీ చూపించొచ్చన్న సంగతి ఇంకోటి. ఈ రెండోదే తర్వాత ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

కోర్సు చివర్లో కాలేజీవాళ్లు వ్యాసం రాయాలన్నారు. నేను బొమ్మలేసేవాణ్ని, నా బొమ్మలు చూసి మార్కులెయ్యండి, వ్యాసం రాయను అన్నాడు. అయితే డిప్లొమా ఇవ్వం అన్నారు. వెంటనే తన డిప్లొమాను తనే ఎచింగ్‌గా గీసేసుకున్నాడు! చివరికి 1962లో కాలేజీయే దిగొచ్చి గోల్డ్ మెడల్‌తో పాటు డిప్లొమా ఇచ్చింది. (మీరు ఇలా ట్రై చేయకండి. జేఎన్‌టీయూ ఒప్పుకోదు.)

1964లో లాస్ ఏంజెలిస్ వెళ్లాడు. అక్కడి ఎండ, ఈత కొలనుల బొమ్మలతో ప్రపంచమంతా పేరొచ్చింది. 1972లో వేసిన ఓ కొలను బొమ్మ 2018 వేలంలో 9 కోట్ల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. బతికున్న చిత్రకారుడి బొమ్మకు అప్పటికి అదే రికార్డు. నెట్‌లో హాక్నీ అని కొడితే ముందు వచ్చేవి ఆ కొలనులే. నాకు మాత్రం అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది అనిపిస్తుంది.

స్టేషన్ పాయింట్‌తో పేచీ

ఫస్టియర్ ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ గుర్తుందా? మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని బస్సెక్కిన రోజులు. సిలబస్ చివర్లో పర్‌స్పెక్టివ్ ప్రొజెక్షన్ ఉంటుంది. ప్రశ్నలోనే ఇచ్చేస్తారు, స్టేషన్ పాయింట్ పిక్చర్ ప్లేన్‌కి ఇంత దూరంలో, నేల మీద నుంచి ఇంత ఎత్తులో ఉందని. స్టేషన్ పాయింట్ అంటే చూసే మనిషి కన్ను ఉండే చోటు. అక్కడి నుంచి గీతలు లాగుతాం, దూరంగా వెళ్లే అంచులన్నీ వానిషింగ్ పాయింట్ దగ్గర కలుస్తాయి. మార్కులు పడతాయి. అయిపోయింది.

ఆ మనిషి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒక్కసారి ఆలోచించండి. ఆయనకు కన్ను ఒకటే. తల తిప్పడు. అడుగు కదపడు. రెప్ప కూడా వేయడు. నిజంగా మనం అలా చూస్తామా? రోడ్డు మీద నడుస్తున్నప్పుడు చెట్టు కొమ్మ చూస్తాం, కింద గుంత చూస్తాం, పక్కనుంచి వెళ్లిన బండి చూస్తాం, మళ్లీ చెట్టు చూస్తాం. మన బుర్రలో ఉన్న రోడ్డు ఇవన్నీ కలిసినది.

హాక్నీ పేచీ సరిగ్గా ఇదే. యూరప్‌లో 15వ శతాబ్దం నుంచి చిత్రకళను ఏలిన పర్‌స్పెక్టివ్, ఆ తర్వాత వచ్చిన కెమెరా, రెండూ ఆ కదలని ఒంటికన్ను మనిషివే అంటాడు. మనిషికి రెండు కళ్లున్నాయి, కాళ్లున్నాయి, జ్ఞాపకం ఉంది. కదులుతూ చూసే మనిషికి కనిపించే ప్రపంచాన్ని చదునైన కాన్వాస్ మీదకి ఎలా తేవాలి? ఆయన ల్యాండ్‌స్కేప్ స్టైల్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నకు వెతుక్కున్న జవాబులే. ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ ప్రశ్న జేబులో పెట్టుకునే వెళ్లాడు.

1980లో లాస్ ఏంజెలిస్ కొండల మీద ఇల్లు, కింద స్టూడియో. రోజూ కారులో ముల్‌హాలండ్ డ్రైవ్ మీదుగా వెళ్లొచ్చేవాడు. ఆ దారిని గుర్తున్నంత మేర గీశాడు. మెలికలు తిరిగే రోడ్డు, కొంత పైనుంచి చూసినట్టు, కొంత పక్కనుంచి చూసినట్టు, వెనకాల ఊళ్లు మ్యాప్‌లా గళ్లుగళ్లుగా. చూస్తే చిన్నపిల్లల బొమ్మలా ఉంటుంది. కానీ ఆ రోడ్డు మీద మీ కళ్లు కారులా పరిగెడతాయి.

ఆ తర్వాత కెమెరాతోనే కెమెరాను ఓడించాలని చూశాడు. 1986లో కాలిఫోర్నియా ఎడారిలో ఒక కూడలి దగ్గర, పెయర్‌బ్లాసమ్ హైవే అంటారు, వందల ఫొటోలు తీసి అతికించాడు. దూరంగా నిలబడి జూమ్ చేయలేదు. స్టాప్ బోర్డు ఎదురుగా నిచ్చెన వేసుకుని ఎక్కి దగ్గరగా తీశాడు. రోడ్డు మీద పడి ఉన్న డబ్బాలను వంగి తీశాడు. రోడ్డుకు కుడివైపంతా డ్రైవర్ చూపు, అంటే బోర్డులు, గుర్తులు. ఎడమవైపు పక్క సీట్లో కూర్చున్నవాడి చూపు, అంటే చెత్త, పొదలు, తీరిగ్గా కనిపించేవన్నీ. ఆర్టీసీ బస్సులో డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నప్పుడు ఒకసారి గమనించండి, నిజమే అనిపిస్తుంది.

చైనా నుంచి వచ్చిన దారి

1981లో హాక్నీ చైనా వెళ్లొచ్చాడు. ఆ తర్వాత చైనా చుట్టల మీద పడ్డాడు. చుట్ట అంటే పట్టు మీద వేసిన పొడవాటి బొమ్మ. గోడకు తగిలించరు. బల్ల మీద పెట్టి ఒక చేత్తో విప్పుతూ, ఇంకో చేత్తో చుడుతూ కొంచెం కొంచెంగా చూస్తారు. మన చేర్యాల నకాషీ పటాన్ని కథ చెబుతూ ఒక్కో బొమ్మే విప్పి చూపిస్తారే, దాదాపు అలాంటి అనుభవం.

17వ శతాబ్దం చివర్లో వాంగ్ హుయ్ అనే చిత్రకారుడి ఆధ్వర్యంలో కాంగ్‌షీ చక్రవర్తి దక్షిణ యాత్ర మీద అలాంటి చుట్టలు తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని ముందు పెట్టుకుని, విప్పుతూ మాట్లాడుతూ హాక్నీ 1988లో ఓ సినిమానే చేశాడు, ఫిలిప్ హాస్ దర్శకత్వంలో. గంట కన్నా తక్కువే ఉంటుంది. బొమ్మను ఎలా చూడాలో నాకు నేర్పిన గంట అదే. కాలువ ఒడ్డున వీధులు, దుకాణాలు, వంతెనలు, వందల మంది మనుషులు. ఎక్కడా వానిషింగ్ పాయింట్ లేదు. గీతలన్నీ ఒక చోటికి పోయి కలవవు కాబట్టి మీరు ఒక చోట నిలబడాల్సిన పనీ లేదు. వీధి వెంట నడుస్తూ పోవచ్చు.

గమనించాల్సింది ఏంటంటే, ఆ తర్వాత హాక్నీ చైనా కొండలు గీయలేదు. వెదురు పొదలు గీయలేదు. పట్టు మీద వేయలేదు. తెచ్చుకున్నది ఆ నడక ఒక్కటే. ఎవరైనా సిరా, పట్టు, ఎర్ర ముద్ర తెచ్చుకుని చైనా స్టైల్ అనుంటే? నా బస్ పాస్ సిస్టమ్ అయ్యేది.

వేరే దారుల్లోనూ వెతికాడు. యూరప్ పాత చిత్రకారులు అద్దాలు, కటకాల సాయంతో గీశారని వాదిస్తూ 2001లో సీక్రెట్ నాలెడ్జ్ అనే పుస్తకం రాశాడు. చార్లెస్ ఫాల్కో అనే ఆప్టిక్స్ శాస్త్రవేత్త ఆయనతో కలిశాడు. కళా చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోలేదు, ఇప్పటికీ గొడవే. నాకైతే ఆ వాదన కాస్త సాగదీసినట్టే అనిపిస్తుంది. కానీ ఆ పుస్తకం రాయడానికి వందల బొమ్మలు ఎంత దగ్గరగా చూశాడో చదివితే తెలుస్తుంది.

ఫ్రెండ్ కోసం తిరిగిన రోడ్డు

1997. యార్క్‌షైర్‌లో ఆయన ఆప్తమిత్రుడు జొనాథన్ సిల్వర్‌కి క్యాన్సర్ ముదిరింది. పాత మిల్లును బాగుచేసి అందులో హాక్నీ బొమ్మలకు చోటిచ్చిన మనిషి అతను. హాక్నీ అమెరికా నుంచి వచ్చి సముద్రం ఒడ్డున బ్రిడ్లింగ్టన్‌లో వాళ్లమ్మ ఇంట్లో దిగాడు. అక్కడి నుంచి వెదర్బీలో ఉన్న ఫ్రెండ్‌ని చూడ్డానికి తరచూ కారులో వెళ్లేవాడు. దారి పొడవునా వోల్డ్స్ అనే మెత్తటి గుట్టలు, పొలాలు. చిన్నప్పుడు కోతలకు వెళ్లిన పొలాలే. మన ఊరి బొమ్మ వెయ్యొచ్చు కదా అని సిల్వర్ అడిగేవాడు.

వేశాడు. ఆ రోజూ తిరిగిన దారిని, లాస్ ఏంజెలిస్ రోడ్డు వేసినట్టే, జ్ఞాపకంతో కలిపి. సిల్వర్ ఆ ఏడాదే చనిపోయాడు. ఆ బొమ్మల్లో దుఃఖం ఎక్కడా కనిపించదు. పచ్చటి, పసుప్పచ్చటి పొలాలు, మధ్యలో వంపులు తిరుగుతూ దూసుకెళ్లే రోడ్డు. నాకు అవి చూస్తే గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది. ఎందుకో సరిగ్గా చెప్పలేను.

2004 ప్రాంతంలో మళ్లీ వచ్చి ఈసారి ఏళ్ల తరబడి ఉండిపోయాడు. ముందు నీటి రంగులు. కొట్టేయడానికి, దిద్దడానికి వీల్లేని మాధ్యమం కాబట్టి చూపు పదునెక్కుతుందని. తర్వాత ఆయిల్ రంగులు, అవీ స్టూడియోలో కాదు, రోడ్డు పక్కనే ఈజిల్ పెట్టుకుని.

ఇక్కడ ఇంకో అప్పు. 2006లో టేట్ బ్రిటన్‌లో జాన్ కానిస్టబుల్ పెద్ద ల్యాండ్‌స్కేప్‌ల ప్రదర్శన పెట్టారు (పేరు చూసి నవ్వకండి, పోలీసు కాదు, 19వ శతాబ్దపు చిత్రకారుడు). కానిస్టబుల్ ఆరడుగుల బొమ్మ వేసే ముందు అదే సైజులో పూర్తి స్కెచ్ వేసుకునేవాడు. ఆ రోజుల్లో ఊరి పొలాలకు, గుర్రపు బండికి అంత పెద్ద కాన్వాస్ ఇవ్వడమే సాహసం. హాక్నీ దాన్ని చూసి ప్రశ్న వేసుకున్నాడు. నేనైతే ఇంకెంత పెద్దది వేయగలను?

జవాబు 2007లో వచ్చింది. బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్. 50 కాన్వాసులు, కలిపితే దాదాపు 15 అడుగుల ఎత్తు, 40 అడుగుల వెడల్పు. వార్టర్ అనే పల్లె దగ్గర ఆకులు రాలిన పెద్ద చెట్టు, దాని వెనక తోపు, పక్కన రెండిళ్లు. కొమ్మలు, కొమ్మల్లోంచి కొమ్మలు, వాటిలోంచి రెమ్మలు.

ఒక్క బొమ్మ కోసం ఇన్ని ముక్కలు ఎందుకు? టెక్ మనుషులకు ఈ భాగం బాగా నచ్చుతుంది. అంత పెద్ద గుడ్డను పొలం గట్టు మీదికి మోసుకెళ్లలేరు. మోసినా, ముందు నిలబడితే చివర్లు కనిపించవు. నిచ్చెనెక్కితే గీసే చోటు తప్ప ఇంకేం కనపడదు. అందుకని మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ముక్కలుగా విడగొట్టాడు. రోజూ కొన్ని తీసుకెళ్లి చెట్టు ముందే వేసేవాడు. సాయంత్రం వాటిని డిజిటల్ ఫొటోలు తీసి కంప్యూటర్‌లో ఒకదాని పక్కన ఒకటి పేర్చితే మొత్తం బొమ్మ చిన్నగా కనిపించేది. రేపు ఏ ముక్కలో ఏ కొమ్మ ఎటు కలవాలో అక్కడ తేలేది. పైగా డెడ్‌లైన్ ఒకటి. వసంతం వచ్చి చిగుర్లు వేసిందంటే కొమ్మలు కనిపించవు. ఆరు వారాల్లోపే ముగించి ఆ వేసవిలో లండన్ రాయల్ అకాడమీలో ఒక గోడంతా నింపేశాడు. తర్వాతి ఏడాది ఆ బొమ్మను టేట్‌కి ఉచితంగా ఇచ్చేశాడు.

ఒకసారి ఆ ప్రశ్న గుర్తు చేసుకోండి. "రెండుగా ఎందుకు విడగొట్టారు?" 50 ముక్కలుగా ఎందుకు విడగొట్టావని హాక్నీని అడిగితే చెప్పడానికి ఓ కారణం కాదు, నాలుగున్నాయి. ఇంకోటి కూడా ఉంది. 40 అడుగుల బొమ్మ ఎదుట నిలబడితే ఒక చూపులో పట్టదు. తల తిప్పాలి, నడవాలి. స్టేషన్ పాయింట్ మనిషికి పనిలేదు.

ఊదా రంగు రోడ్లు

ఆయన రంగులు చూసి మొదట ఫొటోషాప్‌లో శాచురేషన్ పెంచేశారేమో అనుకున్నా. ఊదా రంగు రోడ్డు, నారింజ రంగు దుంగలు, నీలం చెట్లు. ఇంగ్లండ్ అంటే బూడిద రంగు ఆకాశం, వాన అనుకునేవాళ్లకు ఇది షాకే. ఇందులో వాన్ గో ఉన్నాడు, మతీస్ ఉన్నాడు. ఆ అప్పును హాక్నీ దాచలేదు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం ఇద్దరి బొమ్మలూ కలిపి ప్రదర్శన పెడితే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎవరి పక్కన పెడితే మన అప్పు బయటపడుతుందో వాళ్ల పక్కనే నిలబడ్డం అంటే మాటలా?

రంగు కన్నా కూడా వాన్ గో దగ్గర నుంచి వచ్చింది గుర్తుల భాష అని నాకనిపిస్తుంది. దగ్గరగా చూడండి. గడ్డికి ఒక రకం పొట్టి గీత, ఆకులకు చుక్కలు, దున్నిన చాలుకు పొడుగు గీత, వాన గుంటకు వంకర గీత. ఏ గీతా దేన్నీ కాపీ కొట్టదు, కానీ దూరం జరిగితే గడ్డి గడ్డిలాగే ఉంటుంది.

మోనే దగ్గర నుంచి ఇంకో అలవాటు, ఒకే చోటును మళ్లీ మళ్లీ గీయడం. వోల్డ్‌గేట్ అనే పాత రోడ్డు పక్కన అడవిలో ఒకే చోట నిలబడి 2006లో నెలల తరబడి బొమ్మలు వేశాడు. థిక్సెండేల్ దగ్గర మూడు చెట్లను నాలుగు కాలాల్లో నాలుగుసార్లు వేశాడు. కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాక రుతువులు ఆయనకు కొత్త వస్తువులా కనిపించాయి.

2010లో అదే రోడ్డు మీద జీపుకు తొమ్మిది కెమెరాలు గళ్లలా బిగించి, మెల్లగా నడిపిస్తూ వీడియో తీశాడు. ఒక్కో కెమెరా కొంచెం వేరే కోణం, వేరే జూమ్. తొమ్మిది స్క్రీన్ల మీద కలిపి చూస్తే అంచులు సరిగ్గా అతకవు. అతకకపోవడమే పాయింట్. ఏ ఆకును చూడాలో మీ కన్ను వెతుక్కోవాలి. పికాసో, చైనా చుట్ట, పెయర్‌బ్లాసమ్ రోడ్డు, అన్నీ ఆ జీపు మీద ఎక్కి కూర్చున్నట్టుంటుంది.

బొటనవేలి బొమ్మలు

2009లో ఐఫోన్‌లో బ్రషెస్ అనే యాప్ వేసుకున్నాడు. బొటనవేలితో పూలు, సూర్యోదయాలు గీసి ఫ్రెండ్స్‌కి పంపేవాడు. అప్పటికి 72 ఏళ్లు. తెల్లవారుజామున మంచం మీద నుంచే, లైటు వేయకుండా గీయొచ్చు. కాగితం మీదైతే లైటు వేయాలి, వేస్తే కిటికీలో తెల్లవారే వెలుగు పోతుంది. స్క్రీనే వెలుగు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఈ చిన్న వివరం చదివాక ఐప్యాడ్ మీద నేను రాసిన రివ్యూలన్నీ సిగ్గుగా అనిపించాయి. ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ రాశా. చీకట్లో గీయొచ్చని రాయలేదు.

2010లో ఐప్యాడ్ రాగానే దానికి మారాడు. ఆయన కోట్లకు లోపల స్కెచ్‌బుక్ పట్టే జేబు కుట్టించుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఐప్యాడ్ అందులోనే పట్టేసింది. 2011లో జనవరి నుంచి వేసవి మొదలయ్యే దాకా వోల్డ్‌గేట్ రోడ్డుకు వసంతం ఎలా వచ్చిందో గీశాడు. మంచు, మొదటి చిగురు, మే నెలలో వారం పాటు ఉండి రాలిపోయే తెల్లటి హాథార్న్ పూత. వాటిలో 51 డ్రాయింగులను పెద్దగా ప్రింట్ తీసి, 32 కాన్వాసుల ఆయిల్ పెయింటింగ్‌తో కలిపి 2012లో రాయల్ అకాడమీలో పెడితే ఆరు లక్షల మందికి పైగా వచ్చారు.

అందరికీ నచ్చలేదు. అరచేతి సైజు స్క్రీన్ మీద గీసింది నాలుగడుగులకు పెంచితే గీతలు పలచబడ్డాయని కొందరు విమర్శకులు రాశారు. అందులో నిజం ఉండొచ్చు. ఆకాశం గీసిన చోట మెత్తటి డిజిటల్ బ్రష్ జారిపోయినట్టు నాకూ కనిపిస్తుంది. కానీ వాన పడిన రోడ్డు మీద చుక్కలు గీసిన బొమ్మలో ఆ యాప్ కాకపోతే ఇంకేదీ అంత వేగం ఇవ్వలేదు. ఇంకో లాభం కూడా దొరికింది. గీసిన వరుసలో బొమ్మను తిరిగి ప్లే చేసి చూపిస్తుంది ఆ యాప్. ఏ గీత ముందు, ఏది తర్వాత, ఎక్కడ చెరిపాడో అన్నీ కనిపిస్తాయి. మన భాషలో చెప్పాలంటే కమిట్ హిస్టరీ.

2012 చివర్లో ఆయన తరచూ గీసిన ఓ చెట్టు మోడును ఎవరో రాత్రికి రాత్రి నరికేశారు. దానికి టోటెమ్ అని పేరు పెట్టుకున్నాడు. అదే ఏడాది చిన్న స్ట్రోక్ కూడా వచ్చింది. అప్పుడేం చేశాడో తెలుసా? రంగులన్నీ, ఐప్యాడ్‌తో సహా, పక్కన పెట్టేశాడు. బొగ్గు ముక్క పట్టుకుని 2013 వసంతాన్ని నలుపు తెలుపులో 25 బొమ్మలుగా గీశాడు. ఐప్యాడ్ మనిషి అని ముద్ర వేసుకున్న నాలాంటి వాడికి ఇది మింగుడుపడలేదు.

2019లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఇల్లు తీసుకున్నాడు. అక్కడికి దగ్గర్లోని బాయూలో 11వ శతాబ్దపు ఎంబ్రాయిడరీ ఉంది, దాదాపు 70 మీటర్ల పొడవు, ఒక యుద్ధం కథంతా కుట్టిన గుడ్డ. నీడలు ఉండవు, వానిషింగ్ పాయింట్ ఉండదు. చూసేవాళ్లు పక్కనుంచి నడుచుకుంటూ పోవాలి. 40 ఏళ్ల కిందట చైనా చుట్టలో చూసిన విషయమే యూరప్‌లో, తన పక్క ఊళ్లో! 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆయన తోటలోకి వెళ్లి, తన అవసరాలకు తగ్గట్టు మార్పించుకున్న యాప్‌లో రోజూ ఓ చెట్టో, పువ్వో, వాన గుంటో గీశాడు. ఏడాదిలో రెండు వందలకు పైగా అయ్యాయి. వాటిలోంచి ఎంచుకుని కలిపితే ఎ ఇయర్ ఇన్ నార్మండీ అనే 90 మీటర్ల బొమ్మ వచ్చింది. ఒక చివర ఎండు కొమ్మలు, నడుస్తూ పోతే చిగుర్లు, పూత, పండ్లు, ఆకు రాలడం, మళ్లీ మంచు. పారిస్‌లో దాన్ని పెట్టింది ఎక్కడో తెలుసా? ఓరాంజెరీలో. మోనే కలువల గదులున్న మ్యూజియంలో.

ఇదంతా చదివాక నేను బస్ పాస్ సిస్టమ్‌ని మళ్లీ తెరిచా. కోడ్ పారేయలేదు. ఒక్కో టేబుల్ దగ్గర ఆగి, ఇది ఎందుకిలా ఉందో కాగితం మీద రాసుకున్నా. రాయలేని చోట విప్పి మళ్లీ కట్టా. మూడు వారాలు పట్టింది. స్టూడెంట్ వివరాలు, పాస్ వివరాలు వేరుగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ఒకే స్టూడెంట్ నాలుగుసార్లు రెన్యూవల్ చేసుకుంటే అడ్రస్ నాలుగుచోట్ల ఉండకూడదు, అంతే. రెండు నిమిషాల జవాబు. రెజ్యూమెలో ప్రాజెక్ట్ కింద ఒక లైన్ కలిపా, ఫలానా ఓపెన్ సోర్స్ కోడ్ ఆధారంగా, ఫలానా మార్పులతో అని. "నీకేమన్నా పిచ్చారా? నీ కొంప నువ్వే ముంచుకుంటున్నావ్" అన్నాడు రూమ్మేట్.

తర్వాతి ఇంటర్వ్యూలో ఒకామె ఆ లైన్ దగ్గరే పెన్ను పెట్టి ఆపారు. "ఏం మార్చారు?" అని అడిగారు. చెప్పా. "ఎందుకు?" అన్నారు. అదీ చెప్పా. ఆమె తెల్ల కాగితం తీసి, రెన్యూవల్ మధ్యలో రూటు మారితే ఏం చేస్తారని అడిగి, పెన్ను నా వైపు జరిపారు. అరగంట ఇద్దరం దాని మీదే గీతలు గీసుకుంటూ కూర్చున్నాం. టెక్నికల్ రౌండ్ పాసయ్యా. హెచ్ఆర్ రౌండ్‌లో పోయింది. అది వేరే కథ.